సున్నంతో గీసిన ఓడ

ఇది రాసి పెట్టాల్సిన అవసరం ఏమిటని మొదట నన్ను నేనే అడిగాను. మా ప్రాంతం మీద పుస్తకాలు తక్కువేమీ లేవు. నేత మీద ఉన్నాయి, బీడీల మీద ఉన్నాయి, గల్ఫ్ వలస మీద ఉన్నాయి. తెలంగాణ ఉద్యమం మీదైతే ఒక బీరువా నిండా ఉన్నాయి. జగిత్యాల గ్రంథాలయంలో వాటినన్నిటినీ చదివాను, కొన్నింటిని రెండేసి సార్లు. సముద్రాన్ని చూడాలంటే ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేయాల్సిన చోట ఒక నేత మనిషి ఓడ కొనబోయాడన్న సంగతి మాత్రం వాటిలో ఎక్కడా లేదు. వెతికి చూశాను. లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆయన పోయిన కార్తీకంలో సిరిసిల్లలో చనిపోయాడు. పేరు రాయవద్దని ఆయన భార్య కోరింది. రాసినా పెద్ద లాభం లేదు, ఆ పేరు గలవాళ్లు సిరిసిల్లలో గల్లీకి ఇద్దరుంటారు. నేను అన్నా అని పిలిచేవాణ్ని. కోరుట్లలో మిగతావాళ్లు వెనక నుంచి 'ఓడాయన' అనేవాళ్లు. ముందు నుంచి కూడా అనేవాళ్లు, ఆయన ఏమీ అనుకోడు కాబట్టి.

ఆయనకొక అలవాటు ఉండేది. ఎవరితో మాట్లాడుతున్నా చేయి చాచి ఎదుటి మనిషి అంగీ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని మెల్లగా రుద్దేవాడు. మాట మాటే, రుద్దడం రుద్దడమే. కాసేపటికి "పేక తక్కువ కొట్టిండ్రు" అనో, "పడుగు మంచిది, రంగు నిలువది" అనో తీర్పు చెప్పేవాడు. ఉద్యమం రోజుల్లో ఒకసారి కోరుట్ల చౌరస్తాలో బందోబస్తుకొచ్చిన పోలీసాయన మమ్మల్ని ఆపి ఎక్కడికని అడిగాడు. అన్న జవాబు చెబుతూ ఆయన చొక్కా చేతిని పట్టుకున్నాడు.

"ఏందిరా, అంగీ మీద చెయ్యేస్తున్నవ్?"

"గుడ్డ సూస్తున్న సార్. గవర్నమెంటు మిమ్ముల కూడ మోసం చేసింది. గిది రెండు ఎండాకాలాలు ఆగది."

పోలీసాయన తన చేతిని తనే ఒకసారి రుద్ది చూసుకున్నాడు. మమ్మల్ని పొమ్మన్నాడు.

రెండో అలవాటు సముద్రం నేర్పింది. టీ గ్లాసు పెట్టే ముందు బల్ల మీద తడిగుడ్డ పరిచేవాడు, జారకుండా. కోరుట్లలో హోటల్ బల్ల ఎటూ ఊగదు కదా అంటే, "బల్ల ఊగది, నా చెయ్యి మర్వది" అనేవాడు. ఇంట్లో గిన్నెలన్నిటికీ తాళ్లుండేవి. చీపురును కూడా మేకుకు కట్టి పెట్టేవాడు. విప్పాలంటే ఒకే లాగుడు. కట్టాలంటే మాత్రం ఆయనకే సాధ్యం.

సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పదిహేనేళ్లు పనిచేసి, పని దొరకని ఒక ఏడాదిలో, వీసా మీద గల్ఫ్ పోయాడు. డేరాలు, పందిళ్లు కుట్టే కంపెనీలో కుట్టు పని. అక్కడికి ఒక ముసలి తెల్లాయన చినిగిన తెరచాప పట్టుకొచ్చాడు. అందరూ మాసిక వేస్తామన్నారు. అన్న చినిగిన చోట దారాలు విడదీసి, పడుగుకు పడుగు, పేకకు పేక కలిపి రఫూ చేశాడు. తెల్లాయన దానిని వెలుగుకు ఎత్తి చూసి, చినుగు ఎక్కడుండేదో కనుక్కోలేకపోయి, నెల తిరక్కుండానే ఆయనను తన ఓడ మీద పనికి మార్పించుకున్నాడు. అక్కడ ఆరేళ్లు: కడగడం, వండటం, తెరచాప ఎత్తడం, దించడం.

ఆ ఓడ ఎలాంటిదో కోరుట్లలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆయన విసుగు లేకుండా చెప్పేవాడు.

"రెండు దోనెలుంటయి. పక్కపక్కన, రెండు ఎడ్ల లెక్క. మీద కాడి లెక్క ఇల్లుంటది. ఒక్కొక్క దోనెల రెండేసి అర్రలు. మీద వంటజాగ, కూసునే జాగ. ముంగట రెండు దోనెల నడుమ వల కట్టి ఉంటది, నులక మంచమే అనుకోరాదు. పండుకుంటె కింద నుంచి నీళ్లు పోతయి."

"మరి బోల్తా పడదా?"

"రెండెడ్లు ఒక్కపారే బోల్తా పడుతయా?"

తెల్లాయనకు వయసు మీదపడింది. స్వదేశం పోదల్చుకొని, ఆ పాత ఓడను బయటివాళ్లకు అడిగే ధరలో సగానికి అన్నకే ఇస్తానన్నాడు. అక్కడి మనిషి ఒకాయన కాగితాలకు పూచీ ఉంటానన్నాడు. ఓడలోనే ఉండొచ్చు, సెలవులకొచ్చేవాళ్లను ఎక్కించుకొని తిప్పొచ్చు. "ఒక దోనెల మనం, ఒక దోనెల గిరాకీ" అని అన్న లెక్క. లేబర్ క్యాంపులో మూడంతస్తుల మంచం ఉండదు. రెండేళ్లకోసారి పెళ్లాన్ని చూసే బతుకు ఉండదు. ఇల్లూ కొలువూ ఒక్కటే. నెలాఖరు దాకా ఆగుతాను, ఆ తర్వాత ఇంకొకరికి అమ్ముతానని, సెలవు మీద కోరుట్లలో పెళ్లాం దగ్గరికొచ్చి ఉన్న అన్నకు తెల్లాయన చెప్పి పంపాడు.

కొనడానికి దారి ఒక్కటే. కోరుట్ల శివారులో ఒక ఇంటి స్థలం ఉంది. అది ఆయన భార్య, పద్మ వదిన, బీడీలు చుట్టి కొన్నది, ఆమె పేరు మీదే ఉంది. ఆమె సరే అంటేనే ఓడ. ఆమె సరే అనలేదు. కాదనీ అనలేదు. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ, "సూద్దాం" అనేది. వదిన 'సూద్దాం' అంటే ఏమిటో అన్నకు బాగా తెలుసు. అందుకే భయపడ్డాడు.

నా దగ్గరికి ఆయన వచ్చింది ఇంగ్లిష్ కోసం. నాది మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు. ఏడో తరగతితో బడి మానేసినా, ఆదివారాలు జగిత్యాల గ్రంథాలయంలో కూర్చొని, నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లిష్ చదవడం నేర్చుకున్నానని ఆయనకు ఎవరో చెప్పారు. తెల్లాయన పంపిన దళసరి కవరు నా బల్ల మీద పెట్టాడు. అందులో ఫోటోలు, సామాన్ల జాబితా, ఇంజిన్ల వివరం. అడుగున మడిచిన గుడ్డ ముక్క ఒకటి, జేబురుమాలు అంత, తెల్లగా, గరుకుగా.

"గిదేందన్నా?"

"తెరచాప నమూన. నేనే పంపుమన్న."

చీరల సావుకారు నమూనా చూడనిదే సరుకు కొనడు. అన్న కూడా అంతే. ఆ ముక్క అంచు నుంచి ఒక దారం లాగి కాల్చి వాసన చూశాడు. నీళ్లలో నానబెట్టి ఎండబెట్టి కొలిచాడు. భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కించాడు. రెండు రోజుల తర్వాత వచ్చి తీర్పు చెప్పాడు: "ఓడ మంచిదే."

"గుడ్డ మంచిదంటవా?"

"గుడ్డ మంచిగుంటే సాంచె మంచిదన్నట్టే గద తమ్మీ."

సిరిసిల్లలో అది నిజం. మగ్గాన్ని చూడకుండానే బట్టను చూసి మగ్గం ఎలా ఉందో చెప్పే మనుషులు అక్కడ ఉన్నారు. తెరచాపను ఆ ఓడ నేయలేదన్న మాట ఆ పూట ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. అంత చదివిన నాకు తట్టకపోవడం ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అప్పటికే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. ఓడల గురించి జగిత్యాలలో ఒక పుస్తకం ఉందని నాకు గుర్తు. ఎవరో పెద్దమనిషి కట్టలు కట్టలుగా ఇచ్చేసిన ఇంగ్లిష్ పుస్తకాల్లో, పాత ఓడలను ఎట్లా చూసి కొనాలో చెప్పే లావుపాటి పుస్తకం. ఎవరూ ముట్టలేదు, నేను కూడా బొమ్మలు చూసి పెట్టేశాను. ఇద్దరం నా సైకిల్ మీద బయల్దేరాం. ఒకరు తొక్కితే ఒకరు వెనక. దారిలో రాస్తారోకో దగ్గర ఆపారు.

"యాడికన్నా?"

"జైతాల. లైబ్రరీకి."

"గిప్పుడు లైబ్రరేంది?"

"ఓడ గురించి సదువుదామని."

ఒక్క క్షణం అందరూ చూశారు. తర్వాత నవ్వు. "తెలంగాణల సముద్రం గూడ అడుగుతున్నమా?" అని ఒకాయన పక్కవాణ్ని అడిగాడు. రోడ్డు మీదే వండుకొని తినే వంటావార్పు నడుస్తోంది అక్కడ. ఒక బుట్టెడు ఉల్లిగడ్డలు కోస్తే గానీ మమ్మల్ని వదల్లేదు.

గ్రంథపాలకుడు రాజేశం సారు గ్రంథాలయం ముందరి దీక్షా శిబిరంలో కూర్చొని ఉన్నాడు. సంగతి చెప్పాను. ఆయన చుట్టూ చూసి జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"నేను సమ్మెల ఉన్న. పుస్తకాలు సమ్మెల లెవ్వు. లోపల గొళ్లెం వెట్టుకో."

ఆ మధ్యాహ్నం మూసిన గదిలో అన్నకు కొన్ని పుటలు చదివి చెప్పాను. ఆయన వింటూ బీరువాల మీది బట్ట పరదాలను రుద్ది చూశాడు. పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. దానిలో అన్న తన నమూనా గుడ్డను గుర్తుగా పెట్టాడు. తర్వాత మూడు రోజులు షాపులో మోటార్లు లేవు కాబట్టి, నిఘంటువుతో కుస్తీ పట్టి ఒక్కొక్క పుటే ముందుకు పోయాను.

మూడో రోజు సాయంత్రం ఆ పుట వచ్చింది. ఇలాంటి ఓడల పైభాగం ఒకే పలక కాదట. మీదా కిందా గట్టి పొరలు, మధ్యలో తేలికైన చెక్క. ఎక్కడో ఒక సందులోంచి నీళ్లు దిగితే మధ్య చెక్క లోపల్లోపలే కుళ్లుతుంది, పైకి ఏమీ కనబడదు. కనిపెట్టే దారి పాదమే. తెరచాప స్తంభం దగ్గర నడిచి చూడాలి, ఎక్కడైనా కాలికి మెత్తగా తగిలితే ఆ ఓడ జోలికి పోవద్దు. బాగుచేయడానికి ఓడంత ఖర్చవుతుంది. ఆ పుట చదివి, అన్నను ఈ సంగతి అడగాలి అనుకున్నాను. అంతకంటే ఎక్కువ అనుకోలేదు.

తెల్లారి కోరుట్ల చౌరస్తాలో వంటావార్పు. పెద్ద రోడ్డు రెండు పక్కలా మూసేశారు. అంత వెడల్పు రోడ్డు ఒక్క బండి లేకుండా ఖాళీగా పడి ఉండటం నేను అంతకుముందు చూడలేదు. అన్న దానినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పోయి ఎల్లయ్య దుకాణం నుంచి సున్నం బకెట్ తెచ్చాడు. పొయ్యిల దగ్గర అన్నం వార్చిన గంజి అడిగి అందులో కలిపాడు.

"గంజెందుకే?" అని వంట చేసే ఆడవాళ్లు అడిగారు.

"పడుగుకు గంజి వెడ్తేనే దారం నిలుస్తది. సున్నం గూడ గంతే."

తాడుతో కొలిచి గీయడం మొదలుపెట్టాడు. నలభై అడుగుల పొడుగు, ఇరవై రెండు అడుగుల వెడల్పు. ముందు రెండు సన్నని దోనెలు, తర్వాత వాటిని కలుపుతూ ఇల్లు, తర్వాత పడుకునే అర్రలు, మెట్లు, వంటజాగ, వల. ఒక్క గీత కూడా రెండోసారి గీయలేదు. జనం గుమిగూడారు. "ఓడాయన ఓడ దెచ్చిండు" అని అరిచారు. గీత దాటి లోపలికి వచ్చినవాళ్లను ఆయన చెప్పులు విప్పమన్నాడు. నవ్వుతూనే విప్పారు.

అప్పుడు వదినను పిలుచుకొచ్చాడు. ఆమె గీత బయట నిలబడి చాలాసేపు చూసింది.

"గింత పెద్దగుంటదా?"

"గింతే. మూర ఎక్కువ లేదు, మూర తక్కువ లేదు."

ఆమె చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. జనం కొంచెం జరిగారు.

"పొయ్యేడ?"

"గీడ. గ్యాసు పొయ్యి. ఊగినా గిన్నె పడకుంట కమ్మీలుంటయి."

"నీళ్లో?"

"ట్యాంకుంటది. జర పొదుపుగ వాడాలె."

"సుట్టూ నీళ్లేనాయె, నీళ్లకు పొదుపా?" చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఫక్కుమన్నారు. వదిన నవ్వలేదు. "బట్టలేడ ఆరేస్తరు?"

"తాళ్లే తాళ్లు. నీకు ఎన్ని గావాలె?"

"నేనేడ కూసుండి బీడీలు చుట్టాలె?"

"నువ్వు బీడీలెందుకు చుడుతవే ఇగ?"

ఆమె ముందుకు నడిచింది. ఒక అర్రలోకి దిగింది, ఇంకో అర్రలోకి దిగింది. వల గీసిన చోట అంచు తొక్కకుండా దాటింది. నడుమకు వచ్చి ఆగింది.

"మరి నువ్వేడ ఉంటవు?"

అన్న నడిచి పోయి తెరచాప స్తంభానికి గీసిన గుండ్రం పక్కన, ఎడమ వైపు, నిలబడ్డాడు. రెండు పాదాలూ కొంచెం ఎడంగా పెట్టాడు.

"గీడ. ఆరేండ్లు గీడనే నిలవడ్డ. ఓడంత కాలుకు గట్టిగ తాకుతది, గీ ఒక్క జాగ మెత్తగుంటది. తాడు గుంజేటప్పుడు పాదం కింద జర లోపటికి పోయినట్టు ఉంటది. గట్టి మీద నిలవడి నిలవడి కాళ్లు గుంజుతయి గదా, గీడికి రాంగనే పాణం నిమ్మళం."

ఆయన ముఖం అప్పుడు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. తారు రోడ్డు మీద నిలబడి పాదాల కింద ఆ మెత్తదనాన్ని మళ్లీ తెచ్చుకుంటున్నాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. పుస్తకం ఇంట్లో ఉంది. పుట నా తలలో ఉంది.

వదిన ఆయన పాదాలను చూసింది, తర్వాత ముఖం చూసింది.

"సరే కొందాం" అంది. "స్థలం అమ్ముదాం. నేను సంతకం పెడ్త."

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో జై తెలంగాణ అన్నారు. ఆ రోజు వంట ఓడ వంటజాగలోనే వడ్డించారు. నేను కూడా అందులోనే కూర్చొని తిన్నాను. పుట సంగతి అప్పుడు చెప్పలేదు.

తెల్లారి పుస్తకం తీసుకొని ఆయన దగ్గరికి పోయాను. వదిన స్థలం బేరానికి వాళ్ల తమ్ముడింటికి పోయింది. ఆ పుట తెలుగులో చెప్పాను.

"గట్లనే ఉన్నదా?"

"గట్లనే ఉన్నదన్నా."

"ఇంకోపారి సదువు."

మళ్లీ చదివాను. ఆయన చెప్పు విప్పి కుడి పాదాన్ని గచ్చు మీద ఆనించి, ఎత్తి, మళ్లీ ఆనించాడు. చాలాసేపు అదే పని.

"ఆరేండ్లు తమ్మీ. గా ఓడ నన్ను గుర్తువట్టింది, గందుకే నా పాదం కింద మెత్తగయితదనుకున్న."

నేను నమూనా గుడ్డను ఆ పుటలోనే పెట్టి పుస్తకం మూశాను.

"తెల్లాయనకు తెలుసునంటవా?"

"తెల్వకపోవచ్చు. ఆయన గాడ నిలవడకపోవచ్చు."

"ఔ. ఆయన ఎనుకంగ కూసుంటుండె. తాడు గుంజెటోన్ని నేనే గద." చెప్పు తొడుక్కొని అన్నాడు: "మీ వదినకు జెప్పకు. ఒప్పుకున్నది. గా ఒప్పుకున్నది గట్లనే ఉండనీ."

ఆమెకు వేరే కారణం చెప్పాడు. సమ్మెలో బ్యాంకులు సరిగ్గా నడవలేదు, రిజిస్ట్రేషన్ ఆఫీసు తెరవలేదు, నెలాఖరు దాటింది, తెల్లాయన ఇంకెవరికో ఇచ్చేశాడు. అన్నీ నమ్మదగినవే. ఊళ్లోవాళ్లు కూడా అదే నమ్మారు. "తెలంగాణ కోసం మా ఓడాయన ఓడ ఇడిసిపెట్టిండు" అని దీక్షా శిబిరంలో ఒకరు మైకులో కూడా అన్నారు. అన్న తల వంచుకొని పక్కవాడి అంగీ రుద్దుతూ కూర్చున్నాడు.

మళ్లీ గల్ఫ్ పోలేదు. స్థలం అమ్మలేదు. సిరిసిల్లకు మారి తాడిపత్రులు, డేరాలు, పందిళ్ల గుడ్డలు కుట్టే షాపు పెట్టుకున్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు సిరిసిల్లలో వేసిన పందిళ్లలో సగం ఆయన కుట్టినవే. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి గానీ పందిరి కట్టనిచ్చేవాడు కాదట. నేను ఏడాదికోసారి పోయేవాణ్ని. బల్ల మీద తడిగుడ్డ పరిచి టీ పెట్టేవాడు. ఓడ మాట ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు.

ఆయన పోయాక సిరిసిల్ల వెళ్లాను. వదిన షాపులో ఒక డేరా గుడ్డ మీద కూర్చొని ఉంది. మేకులకు అన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. చీపురు మాత్రం విప్పి ఉంది. ఇన్నేళ్ల తర్వాత చెబితే తప్పు లేదనుకొని, ఓడ ఎందుకు పోయిందో అసలు సంగతి చెప్పాను. పుస్తకం, పుట, మెత్తని జాగ, అన్నీ.

ఆమె విని, "నాకెర్కే" అంది.

"అన్న చెప్పిండా?"

"ఆయనేం జెప్పలే. మా అమ్మగారింట్ల అటుక మీద గట్లనే ఒక జాగ మెత్తగుండె. మా తాత గాన్నే కూసునేది, మంచిగుందని. చెదలు తిన్నదని అటుక కూలినంక తెల్సింది. రోడ్డు మీద నిలవడి గీడ మెత్తగుంటదని మీ అన్న అనంగనే నాకు సమజయింది."

"మరి కొందామన్నవ్ గద వదినా?"

ఆమె నన్ను చదువురాని వాణ్ని చూసినట్టు చూసింది.

"గాడ నిలవడ్డప్పుడు ఆయన ముఖం నువ్వు సూళ్లేదా? కూలితె ఇద్దరం కూలుతుంటిమి. ఆయనొక్కడే గా క్యాంపుల మంచం మీద కూలుడు కన్న నయమే గాదా?"

నేను చదివింది నిజమే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చెప్పాను. దానిలో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ చూపించలేను. తిరిగొచ్చాక జగిత్యాల పోయి ఆ పుస్తకం తీశాను. నా తర్వాత ఎవరూ తీయలేదు. నమూనా గుడ్డ అదే పుటలో ఉంది. రుద్ది చూశాను. ఆయన చెప్పింది నిజం, గుడ్డ చాలా మంచిది.

ఈ నాలుగు మాటలు రాయడానికి సాయపడ్డవాళ్లను చెప్పుకోవాలి. సమ్మెలో తాళంచెవి ఇచ్చి, పుస్తకం మూడు నెలలు ఆలస్యమైనా జరిమానా మాట ఎత్తని రాజేశం సారు. సున్నం బకెట్ ఇచ్చి తిరిగి అడగని ఎల్లయ్య. గంజి పోసిన నర్సవ్వ, లింగవ్వ. ఓడ కొలతలు ఇప్పటికీ అడుగులతో సహా గుర్తుపెట్టుకొని నాకు చెప్పిన, ఇది రాసుకోవడానికి ఒప్పుకున్న పద్మ వదిన. సమ్మె ముగిసిన తెల్లారి కోరుట్ల చౌరస్తాకు వచ్చిన మొదటి బస్సు డ్రైవర్‌ను కూడా. గంజి కలిపిన సున్నం అన్ని రోజులైనా పోలేదు. ఆయన ఆ గీతలు చూసి, అదేమిటో తెలియకపోయినా, బస్సు నెమ్మది చేసి, స్టీరింగ్ తిప్పి, ఓడ పక్క నుంచి పోనిచ్చాడు. అన్న, నేను రోడ్డు పక్కన నిలబడి చూశాం. ఆ డ్రైవర్ పేరు ఎంత అడిగినా తెలుసుకోలేకపోయాను.